గారపళ్ళు, పంటి క్లిప్పులు: చేజర్ల, ఉదయగిరి ప్రాంతాల దంతసంరక్షణ పరిశీలన

వ్యాససంగ్రహం

వంకరపళ్ళను, ఎత్తుపళ్ళను సరిచేయడానికి వేసే క్లిప్పులు నేడు పట్టణాలకే పరిమితమైన వైద్యం కాదు. పల్లెల నుంచి కూడా పిల్లలూ పెద్దలూ వాటికోసం వస్తున్నారు. అయితే నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ చికిత్సకు ఒక ప్రత్యేక నేపథ్యం ఉంది. క్లిప్పును అంటించేది పంటి పైపొర మీద. ఆ పొర గట్టిదనాన్ని, రంగును తాగునీటిలోని ఫ్లోరైడ్ పసితనంలోనే నిర్ణయిస్తుంది. ఈ ప్రాంతంలో క్లిప్పుల చికిత్స తాగునీటి పరిశీలనతో మొదలు కావాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'గార' అనే వాడుకమాట వేరువేరు పంటి స్థితులను ఒకటిగా చూపడం వల్ల కలిగే చిక్కులను కూడా ఇది వివరిస్తుంది.

కీలకపదాలు: చేజర్ల, ఉదయగిరి, ఫ్లోరోసిస్, గార, ఎనామిల్, పంటి క్లిప్పులు, బాలల దంతసంరక్షణ.

1. ఉపోద్ఘాతం

శ్రీపొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఆత్మకూరు రెవెన్యూ డివిజన్‌లోని మండలాల్లో చేజర్ల ఒకటి. కపోతేశ్వరాలయం వల్ల చరిత్రకారులకు పరిచితమైన పల్నాటి చేజర్ల వేరు, ఇది వేరు. నెల్లూరు చేజర్ల పెన్నానదికి చేరువలో ఉంది. సోమశిల జలాశయం దీనికి ఎగువన ఉంది. ఉత్తరాన ఉదయగిరి వైపు వెళ్ళేకొద్దీ భూమి మెట్టగా మారుతుంది. కొండలు, రాతినేలలు, వానను నమ్ముకున్న సేద్యం, లోతైన బోర్లు అక్కడి జీవనాన్ని శాసిస్తాయి. నదికి దగ్గరి ఊరికీ, కొండ అంచున ఉన్న ఊరికీ మధ్య తాగునీటిలో ఉండే తేడా ఆయా ఊళ్ళ పిల్లల పళ్ళలో కనిపించడానికి అవకాశం ఉంది. ఈ రెండు ప్రాంతాలను కలిపి పరిశీలించడానికి కారణం అదే.

2. నెల్లూరు జిల్లా, ఫ్లోరోసిస్ చరిత్ర

పళ్ళమీది మచ్చలకూ నీటికీ సంబంధం ఉందన్న అనుమానం మొదట అమెరికాలో బలపడింది. కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి ఈ మచ్చలను గమనిస్తూ వచ్చాడు. వాటికి మూలం నీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నిర్ధారించాడు. ఆ తరువాత ట్రెండ్లీ డీన్ మచ్చల తీవ్రతను కొలిచే సూచికను రూపొందించాడు. 1942లో సవరించిన ఆ డీన్ సూచిక నేటికీ వాడుకలో ఉంది.

భారతదేశంలో ఈ వ్యాధి వైద్యశాస్త్రంలో నమోదైన చోటు నాటి నెల్లూరు జిల్లాయే. మద్రాసు రాజధానిలోని స్థానిక ఫ్లోరోసిస్‌పై షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి నెల్లూరు నుంచి విడిపోయాయి. ప్రకాశం జిల్లా అన్న పేరు 1972లో వచ్చింది. జిల్లా సరిహద్దు మారినా భూగర్భం మారలేదు. కనిగిరికి దక్షిణాన ఉన్న ఉదయగిరి మెట్ట ఆ నేలకు కొనసాగింపే.

ఇక్కడి నీటికి ఫ్లోరైడ్ ఎలా వస్తుంది? గ్రానైట్, నైస్ వంటి రాళ్ళలోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. అభ్రకం నెల్లూరు జిల్లాకు పేరు తెచ్చిన ఖనిజమే. వానలు తక్కువై, నీరు రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచినప్పుడు ఫ్లోరైడ్ నెమ్మదిగా కరిగి నీటిలో చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఇది మరింత కరుగుతుంది. అందువల్ల ఒకే ఊరిలోని రెండు బోర్ల మధ్య కూడా ఫ్లోరైడ్ పరిమాణం వేరుగా ఉండవచ్చు. ఊరి పేరు చూసి నీటి గుణాన్ని నిర్ణయించలేం. ప్రతి నీటివనరునూ విడిగా పరీక్షించవలసిందే.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ను ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పేర్కొంది. కేంద్రప్రభుత్వం 2008-09లో ప్రారంభించిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం తొలివిడతగా ఎంచుకొన్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి.

3. 'గార': ఒక మాట, మూడు స్థితులు

తెలుగువారి వాడుకలో పంటి రంగు మారితే 'పళ్ళు గారపట్టాయి' అంటారు. గోడకు పూసే గారలాగే ఇది కూడా పైన పేరుకొన్న పూత అన్న భావన ఆ మాటలో ఉంది. కాని వైద్యశాస్త్రం దృష్టిలో ఈ ఒక్క మాట కిందికి కనీసం మూడు భిన్నస్థితులు వస్తాయి.

మొదటిది నిజమైన గార. పళ్ళమీద చేరే మెత్తని పాచి లాలాజలంలోని లవణాలతో గట్టిపడి రాయిలా మారుతుంది. ఇది చిగురు అంచున, ముఖ్యంగా కింది ముందుపళ్ళ లోపలివైపు ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని దంతవైద్యుడు పరికరాలతో తొలగించగలడు. తొలగించకపోతే చిగుళ్ళు వాచి, రక్తం కారి, కాలక్రమంలో పన్ను కదులుతుంది.

రెండవది మరక. ఆకువక్క, పొగాకు, తేనీరు వంటివాటి వల్ల పంటి ఉపరితలం రంగు మారుతుంది. దీన్ని కూడా శుభ్రం చేయవచ్చు. అలవాటు మానకపోతే మళ్ళీ వస్తుంది.

మూడవది ఫ్లోరోసిస్. ఇది పూత కాదు. పన్ను దవడ ఎముకలో రూపొందుతున్నప్పుడే ఎనామిల్ లోపలి నిర్మాణంలో ఏర్పడిన లోపం. పన్ను మొలిచేటప్పటికే సుద్దలాంటి తెల్లని గీతలో, మచ్చలో ఉంటాయి. తరువాత అవి పసుపు, గోధుమ రంగులకు తిరుగుతాయి. కుడి పంటి మీద ఉన్న గుర్తు ఎడమవైపు అదే పంటి మీద కూడా ఉండడం, గీతలు అడ్డంగా సాగడం దీని లక్షణాలు. తీవ్రస్థితిలో ఎనామిల్ గుంటలు పడి పెచ్చులూడుతుంది.

ఈ మూడింటినీ ఒకే మాటతో పిలవడం కేవలం భాషాసమస్యగా మిగలదు. గార అంటే పూత గనుక తోమితే పోతుందన్న నమ్మకం కలుగుతుంది. ఇటుకపొడి, బొగ్గు, బూడిద, ఉప్పు పెట్టి మచ్చలున్న పళ్ళను గట్టిగా రుద్దడం ఆ నమ్మకం ఫలితమే. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్‌కు పైన గట్టి పొర, దాని కింద గుల్లదనం ఉంటాయి. ఎంత రుద్దినా లోపలి మచ్చ పోదు, ఉన్న పొర మాత్రం అరుగుతుంది. పైగా మచ్చలున్న పిల్లవాడిని సరిగా పళ్ళు తోముకోని సోమరిగా చూడడం జరుగుతుంది. నీరు చేసిన తప్పును పిల్లవాడు మోయవలసి వస్తుంది. బడిలో నోరు మూసుకొని నవ్వే అలవాటు, పెళ్ళిచూపుల్లో ఆడపిల్లకు ఎదురయ్యే మాటలు ఈ అపార్థానికి సామాజిక ముఖాలు.

పుల్లతో పళ్ళు తోముకొనే సంప్రదాయాన్ని ఇక్కడ వేరుగా చూడాలి. సుశ్రుతసంహిత పన్నెండు వేళ్ళ వెడల్పంత పొడవు, చిటికెనవేలంత లావు గల దంతకాష్ఠాన్ని విధించి, చేదుచెట్లలో వేపను, కారపుచెట్లలో కానుగను శ్రేష్ఠమైనవిగా చెప్పింది. మెట్టపల్లెల్లో వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలు నేటికీ పరిచితాలే. కొనను నమిలి కుంచెలా చేసి మెల్లగా తోముకొంటే పాచి పోతుంది. హాని చేసేది పుల్ల కాదు, గరుకుపొడి.

4. పన్ను రూపొందే కాలం

పాలపళ్ళు ఇరవై, శాశ్వతదంతాలు ముప్పైరెండు. శాశ్వతదంతాల్లో ముందుపళ్ళ ఎనామిల్ పుట్టిన కొద్ది నెలల నుంచి సుమారు నాలుగైదేళ్ళ వరకు ఏర్పడుతుంది. వాటి వెనుకవి ఏడెనిమిదేళ్ళ వరకు రూపుదిద్దుకొంటాయి. జ్ఞానదంతాలను మినహాయిస్తే ఎనిమిదేళ్ళు దాటిన తరువాత తాగే నీటివల్ల పంటి ఫ్లోరోసిస్ రాదు. అంటే ఆరేడేళ్ళ వయసులో ముందుపన్ను మొలిచినప్పుడు కనిపించే మచ్చ అంతకు కొన్నేళ్ళ ముందు తాగిన నీటికి సాక్ష్యం. మచ్చ కనిపించాక నీరు మార్చితే ఆ పన్ను బాగుపడదు. కాని ఇంట్లోని చిన్నపిల్లల పళ్ళు, అందరి ఎముకలు కాపాడబడతాయి.

ఈ వయసులోనే మరొక పొరపాటు జరుగుతుంది. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనుక ఒక పెద్ద దవడపన్ను మొలుస్తుంది. దానికి ముందు ఏ పన్నూ ఊడకపోవడంవల్ల చాలామంది తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకొంటారు. అది పుచ్చినా 'ఎలాగూ ఊడేదే' అని వదిలేస్తారు. నిజానికి అది జీవితాంతం ఉండవలసిన పన్ను. ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పళ్ళ పొందికను మూడు తరగతులుగా విభజించినప్పుడు ఆధారంగా తీసుకొన్నది ఈ దవడపన్నునే. నేటి క్లిప్పుల వైద్యం ఆ వర్గీకరణమీదే నడుస్తోంది.

పాలపన్నును నిర్లక్ష్యం చేయడమూ ప్రమాదమే. కింద ఎదిగే శాశ్వతదంతానికి అది చోటు పట్టి ఉంచుతుంది. పుచ్చి ముందుగానే ఊడితే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, తరువాత వచ్చే పన్ను దారితప్పి వంకరగా మొలుస్తుంది. ఊడిన చోట ఖాళీ నిలిపే చిన్న తీగ అమర్చితే చాలావరకు ఈ చిక్కు తప్పుతుంది. వేలు చప్పరించడం, నోటితో గాలి పీల్చడం, నాలుకతో పళ్ళను నెట్టడం వంటి అలవాట్లను కూడా ఏడేళ్ళలోపు గుర్తిస్తే మేలు. పదమూడేళ్ళకు వేయవలసివచ్చే క్లిప్పుల్లో కొన్నింటికి మూలం ఏడేళ్ళప్పుడు పట్టించుకోని పిప్పిపన్ను.

5. క్లిప్పు పనిచేసే తీరు

ఆర్థోడాంటిక్స్ అంటే పళ్ళ వరుసను, దవడల పొందికను సరిచేసే దంతవైద్యశాఖ. జనవ్యవహారంలో ఇది 'క్లిప్పులు వేయించుకోవడం'. ప్రతి పంటికీ ఒక చిన్న లోహపు బిళ్ళను అంటించి, వాటన్నిటి గుండా ఒక తీగను పోనిస్తారు. తన మొదటి ఆకారానికి తిరిగి రావాలని తీగ చేసే ప్రయత్నమే పంటిపై సన్నని ఒత్తిడిగా పనిచేస్తుంది.

పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని తంతుపొర ఉంటుంది. ఒత్తిడి పడిన వైపు ఎముకను కరిగించే కణాలు, లాగుడు పడిన వైపు ఎముకను కట్టే కణాలు పనిచేస్తాయి. పన్ను ఎముకను చీల్చుకొని పోదు, ఎముకే ఒకవైపు తగ్గి మరోవైపు పెరిగి దానికి దారి ఇస్తుంది. ఈ పని నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. చికిత్సకు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పట్టడానికి కారణం ఇదే. బలంగా లాగితే త్వరగా కదలదు, వేరు కరిగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. క్లిప్పులు తీసిన తరువాత పళ్ళు పాతచోటికి మళ్ళకుండా ఆపే రిటైనర్‌ను చాలాకాలం వాడాలి. దాన్ని మానేస్తే చేసిన పని క్రమంగా వెనక్కు పోతుంది.

6. ఫ్లోరోసిస్ పన్నుపై క్లిప్పు

పూర్వం ప్రతి పంటి చుట్టూ లోహపు పట్టీ బిగించేవారు. ఎనామిల్‌ను ఆమ్లంతో స్వల్పంగా గరుకుచేస్తే జిగురు బాగా పట్టుతుందని 1955లో బ్యూనకోర్ చూపిన తరువాత బిళ్ళలను నేరుగా పంటికి అంటించే పద్ధతి వచ్చింది. నేడు ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని పదిహేను నుంచి ముప్పై సెకన్ల పాటు పూయడం సాధారణ పద్ధతి. ఆమ్లం చేసిన సూక్ష్మరంధ్రాల్లోకి జిగురు చొచ్చుకొనిపోయి గట్టిపడుతుంది.

పడమటి మెట్టలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి తేలికగా లొంగదు. రంధ్రాలు సరిగా ఏర్పడక జిగురు పట్టు తగ్గుతుంది. స్వల్పమైన మచ్చలున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. మచ్చలు ఓ మోస్తరు స్థాయి దాటితే బిళ్ళలు తరచు ఊడిపోవడం, చికిత్స చివర వాటిని తీసేటప్పుడు పెళుసైన ఎనామిల్ పెచ్చులూడడం జరగవచ్చు. ఆమ్లం పూసే సమయాన్ని పెంచడం, పైపొరను లేశమాత్రంగా అరగదీయడం, పట్టును పెంచే ప్రత్యేక ద్రవాలు వాడడం, అవసరమైన పళ్ళకు పాతపద్ధతిలో పట్టీ బిగించడం వైద్యులకు అందుబాటులో ఉన్న మార్గాలు.

ఊడిన బిళ్ళ విలువ నగరంలో ఒకటి, మెట్టపల్లెలో మరొకటి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దూరం సుమారు 100 కిలోమీటర్లు. బిళ్ళ ఊడిన ప్రతిసారీ తల్లికో తండ్రికో ఒకరోజు కూలి, పిల్లవాడికి ఒకరోజు చదువు పోతాయి. రెండు మూడుసార్లు ఇలా జరిగితే చికిత్స సగంలో ఆగిపోయే అవకాశం ఉంది. సగంలో ఆగిన క్లిప్పు అసలు వేయని క్లిప్పుకంటే హానికరం. బిళ్ళల చుట్టూ పాచి నిలిచి పన్ను పుచ్చుతుంది, కొంత కదిలిన పళ్ళు ఎటూ కుదురుకోవు.

పాచి నిలిచినచోట మొదట కనిపించేది తెల్లమచ్చ. ఇది ఫ్లోరోసిస్ మచ్చను పోలి ఉంటుంది. చికిత్సకు ముందే పళ్ళ ఛాయాచిత్రాలు తీసి ఉంచకపోతే ఏ మచ్చ నీటివల్ల వచ్చిందో, ఏది క్లిప్పు చుట్టూ శుభ్రత లోపించి వచ్చిందో తరువాత తేల్చడం కష్టం. అలాగే క్లిప్పులు వరుసను మాత్రమే సరిచేస్తాయని, రంగును మార్చవని ముందుగా చెప్పడం అవసరం. పళ్ళు వరుసకు వచ్చాక మచ్చలు మరింత స్పష్టంగా కనిపించవచ్చు. వాటికి పైపొర మెరుగుపెట్టడం, రెసిన్ నింపడం, తొడుగులు వేయడం వంటి వేరే చికిత్సలున్నాయి.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని కూడా గుర్తించాలి. తగినంత ఫ్లోరైడ్ పన్ను పుచ్చకుండా కాపాడుతుంది. అందుకే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం తాగునీటికి ఫ్లోరైడ్‌ను కలిపింది. క్లిప్పులు వేసుకొన్నవారికి ఫ్లోరైడ్ పేస్టును, పూతను సిఫారసు చేసేదీ ఇందుకే. ఫ్లోరోసిస్ ప్రాంతంలో ఆ సిఫారసును విచక్షణతో పాటించాలి. ఎనామిల్ పూర్తిగా ఏర్పడిన పదమూడేళ్ళ బాలికకు పేస్టుతో తోముకొని ఉమ్మివేయడం వల్ల మచ్చలు రావు. మూడేళ్ళ పిల్లవాడు పేస్టును మింగితే నీటిలోని ఫ్లోరైడ్‌కు అది తోడవుతుంది. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, తరువాత ఆరేళ్ళ వరకు బఠానీగింజంత పేస్టును పెద్దల ఎదుటనే వాడించడం ఉచితం.

7. పెద్దలకు క్లిప్పులు

పెళ్ళి దాటాక క్లిప్పులెందుకన్న అభిప్రాయం గ్రామాల్లో బలంగా ఉంది. పన్ను కదలడానికి వయసు అడ్డు కాదు. చిగుళ్ళు, ఎముక ఆరోగ్యంగా ఉంటే నలభై దాటినవారిలోనూ పళ్ళు కదులుతాయి. తేడా రెండు విషయాల్లో ఉంది. దవడల ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది కనుక దవడ లోపాన్ని క్లిప్పులు మాత్రమే సరిచేయలేవు, కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతుంది. రెండవది చిగుళ్ళవ్యాధి. గార తీయించి, వాపు తగ్గించి, మధుమేహం ఉంటే అదుపులోకి తెచ్చిన తరువాతే తీగ వేయాలి. వాచిన చిగుళ్ళున్న పంటిని కదిపితే దాన్ని పట్టి ఉంచే ఎముక త్వరగా తరుగుతుంది. నడివయసులో ముందుపళ్ళ మధ్య కొత్తగా సందు ఏర్పడితే దాన్ని అందానికి సంబంధించిన లోపంగా కాక చిగుళ్ళవ్యాధి సూచనగా భావించి పరీక్షించుకోవాలి.

8. అవసరాన్ని నిర్ణయించడం

ప్రతి వంకరపన్నుకూ చికిత్స అక్కరలేదు. వనరులు తక్కువైన చోట ఎవరికి ముందు అన్న ప్రశ్న తప్పదు. బ్రిటన్‌లో 1989లో రూపొందిన అవసరసూచిక పళ్ళ పొందికను ఐదు శ్రేణులుగా విభజిస్తుంది. పద్ధెనిమిదేళ్ళలోపు వారిలో తీవ్రశ్రేణులకు అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఉచితంగా చికిత్స చేస్తుంది. ఆ సూచికలో పంటి ఎనామిల్ నాణ్యతకు స్థానం లేదు. నెల్లూరు మెట్టకు వర్తింపజేయాలంటే దాని పక్కన డీన్ శ్రేణిని, ఇంటి నీటివనరును కూడా నమోదు చేయాలి.

అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పంటి జబ్బులు దాని పరిధిలో ఉన్నాయి. ఆ పరీక్షపత్రంలో బోరు, కుళాయి, శుద్ధజలం అన్న మూడు గడులు చేరిస్తే పంటివైద్యానికీ నీటిసరఫరాకూ మధ్య ఇప్పుడు లేని వంతెన ఏర్పడుతుంది. నెల్లూరులోని దంతవైద్య కళాశాల, కడప, విజయవాడల ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఈ దిశలో క్షేత్రపరిశోధన చేపట్టడానికి అనువైన సంస్థలు.

9. నివారణ

నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కనవుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది. నేడు గ్రామాల్లో ఆర్.ఓ. శుద్ధజలం విరివిగా వాడుతున్నారు. అయితే తాగడానికి డబ్బానీళ్ళు, అన్నం, పప్పు వండడానికి బోరునీళ్ళు వాడితే ప్రయోజనం సగమే. వంటలో పీల్చుకొన్న నీటితో ఫ్లోరైడ్ కూడా పళ్ళెంలోకి చేరుతుంది. నది, జలాశయం వంటి ఉపరితల వనరుల్లో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. పెన్న, సోమశిల నీరు కుళాయిల ద్వారా ఎంత దూరం చేరితే పళ్ళు అంత దూరం బాగుపడతాయి. పాలు, రాగిసంకటి, మునగాకు వంటి కాల్షియం గల ఆహారం ఫ్లోరైడ్ శోషణను కొంత తగ్గిస్తుంది. చింతపండు మూత్రం ద్వారా ఫ్లోరైడ్ విసర్జనను పెంచుతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. ఇవి మంచినీటికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు.

10. ముగింపు

- భారతదేశపు ఫ్లోరోసిస్ చరిత్ర నాటి నెల్లూరు జిల్లాలో మొదలైంది. చేజర్ల, ఉదయగిరి ప్రాంతాల దంతసంరక్షణను ఆ నేపథ్యంలోనే చూడాలి.
- 'గార' అన్న మాట పూతను, మరకను, ఫ్లోరోసిస్‌ను కలిపివేస్తోంది. వీటిని వేరుచేసి చెప్పడం చికిత్సలో తొలి అడుగు. ఈ విషయంలో వైద్యులకు భాషాపరిశోధకుల సహకారం అవసరం.
- క్లిప్పులు వేసేముందు పసితనంలో తాగిన నీటిని అడిగి తెలుసుకోవడం, డీన్ శ్రేణిని, ఛాయాచిత్రాలను నమోదు చేయడం ఈ ప్రాంతంలో తప్పనిసరి కావాలి.
- ఆరేళ్ళ దవడపన్నును కాపాడడం, పాలపన్ను ఊడిన చోటును నిలపడం భవిష్యత్తులో క్లిప్పుల అవసరాన్ని తగ్గిస్తాయి.
- పదమూడేళ్ళ బాలిక పంటిపై బిళ్ళ నిలుస్తుందా ఊడుతుందా అన్నది ఆమె రెండేళ్ళప్పుడు తాగిన నీటిపై కూడా ఆధారపడుతుంది. అందువల్ల మెట్టపల్లెకు సురక్షితమైన కుళాయినీరు చేర్చడాన్ని దంతవైద్య ప్రణాళికలో భాగంగానే పరిగణించాలి.